కాటుక: ఎలా చేయాలి, ఎక్కడ పెట్టాలి?

పిల్లలూ,

బదిలీ ఆర్డరు వచ్చినప్పుడు మీ ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. అట్టపెట్టెలు వస్తాయి. వాటి మీద "వంటిల్లు", "పుస్తకాలు", "గాజు, జాగ్రత్త" అని మార్కరుతో రాస్తారు. కొత్త ఊళ్ళో పెట్టెలు విప్పాక ఏదో ఒకటి కనబడదు. నేనూ విశాఖపట్నం, ఖరగ్‌పూర్, నాగపూర్, ఆవడి తిరిగి ఢిల్లీ చేరినదాన్నే. ఇన్ని ఊళ్ళలో నేను ఏ పెట్టెలోనూ సర్దకుండా చేతిసంచిలోనే పెట్టుకుని తెచ్చిన వస్తువు ఒకటుంది. బొటనవేలంత వెండి కాటుక భరిణె.

అది ఖాళీ అయినప్పుడల్లా మా అమ్మ కాటుక చేసి పంపేది. రెండేళ్ళ కిందట అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయింది. "ఇంక దీపం ముందు కూర్చోలేనే, నువ్వే చేసుకో" అంది. అప్పుడు తెలిసింది, ముప్ఫై నాలుగేళ్ళు వచ్చినా నాకు కాటుక చేయడం రాదని. మీకు తెలుగు పాఠాలు చెప్పే టీచర్ని, మా ఇంటి పాఠం ఒకటి నేర్చుకోకుండానే వచ్చేశాను.

ఫోన్‌లో వీడియో పెట్టుకుని, అమ్మ అటువైపు నుంచి చెబుతుంటే నేర్చుకున్నాను. ఆ పద్ధతి మీకు చెబుతాను. దాంతోపాటు ఇంకో సంగతి కూడా చెప్పాలి. కాటుక ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అన్నది. అది అమ్మ దగ్గర కాదు, నా తప్పు వల్ల నేర్చుకున్నాను.

ఒకే మసి, ఎన్నో పేర్లు

మనం కాటుక అంటాం. కన్నడంలో కాడిగె. తమిళంలో కణ్మై, మలయాళంలో కణ్మషి. కణ్ అంటే కన్ను. మై అన్నా మషి అన్నా సిరా. అంటే కంటికి పెట్టే సిరా. హిందీలో కాజల్, మరాఠీలో కాజళ్, బెంగాలీలో కాజోల్. ఇవి సంస్కృతంలోని కజ్జలం అనే మాటకు చుట్టాలు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిచేటప్పుడు మీ బల్ల చుట్టూ ఈ భాషలన్నీ ఉంటాయి. ఒకసారి అడిగి చూడండి, ఇంకో రెండు పేర్లయినా దొరుకుతాయి.

తెలుగులో ఈ మాట కంటి దగ్గరే ఆగిపోలేదు. కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటిని కాటుక చీకటి అంటాం. పోతనగారిదని చెప్పుకునే ఒక చాటుపద్యంలో సరస్వతీదేవి కన్నీళ్ళు పెట్టుకుంటే ఆ నీళ్ళు కాటుకతో నల్లబడతాయి. ఇక ఉన్నదాన్ని మరోలా చూపించి మోసం చేయడాన్ని "మసిపూసి మారేడుకాయ చేయడం" అంటాం. ఈ సామెతను కాస్త గుర్తుపెట్టుకోండి. దీనితో మళ్ళీ పనిపడుతుంది.

కాటుక వేరు, సుర్మా వేరు

పాత ఢిల్లీ సందుల్లో చిన్న చిన్న సీసాల్లో సుర్మా అమ్ముతారు. చూడటానికి అదీ నలుపే, అదీ కంటికే. కానీ కాటుక దీపం నుంచి వచ్చిన మసి. సుర్మా రాతిని మెత్తగా నూరిన పొడి.

రాతిపొడిని కంటికి పెట్టుకునే అలవాటు చాలా పాతది. ప్రాచీన ఈజిప్టువాళ్ళు గలేనా అనే ఖనిజాన్ని నూరి కళ్ళ చుట్టూ దిద్దుకునేవారు. మన హరప్పా నాగరికత స్థలాల తవ్వకాల్లో కంటికి రంగు పెట్టుకునే రాగి పుల్లలు దొరికాయి. మన ఆయుర్వేద గ్రంథాలు కూడా అంజనాల్లో ఐదు రకాలు చెప్పాయి.

చిక్కు ఎక్కడంటే, ఆ గలేనా సీసం, గంధకం కలిసిన రాయి. తెలుగు చదివే మీకు సీసం అనగానే పద్యం గుర్తుకురావచ్చు. ఇది ఆ సీసం కాదు, లోహం. సైన్సు పుస్తకంలో దీని గుర్తు పీబీ, పరమాణు సంఖ్య 82. ఒంట్లోకి చేరితే ముఖ్యంగా చిన్నపిల్లల మెదడుకు హాని చేస్తుంది. పిల్లల రక్తంలో ఇంతవరకు ఉన్నా ఫరవాలేదు అనదగిన సీసం మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కంటికి పెట్టింది కంట్లోనే ఉండిపోదు. కన్నీటితో పాటు ముక్కులోకి, గొంతులోకి దిగుతుంది. పిల్లలు కళ్ళు నులుముకుని అదే చేతిని నోట్లో పెట్టుకుంటారు. రంగు కోసం సీసం కలిపిన సౌందర్య సాధనాలను మన దేశంలో తయారు చేయడం నిషేధం.

ప్రతి సుర్మాలోనూ సీసం ఉంటుందని నేను అనడం లేదు. ఉందో లేదో చూసి చెప్పగల కన్ను మనకు లేదు, అంతే. కాబట్టి ఏ రాయితో చేశారో తెలియని పొడి, చీటీ లేని సీసా, ఎవరో ఊరి నుంచి తెచ్చిన పొట్లం కంటి దగ్గరికి రానివ్వకండి. డబ్బా మీద "సహజం", "హెర్బల్" అని రాసి ఉన్నా సరే. గలేనా కూడా సహజమే, భూమిలోంచి తవ్వి తీసినదే. సామెత ఇక్కడే పనికొస్తుంది.

కావలసినవి

- మట్టి ప్రమిద ఒకటి
- ఆముదం, ప్రమిద నిండా. ఇక్కడి పన్సారీ దుకాణాల్లో "అరండీ కా తేల్" అని అడగాలి. వాసన, రంగు కలపనిది కావాలి
- ఉతికి ఎండబెట్టిన తెల్లటి పాత నూలు గుడ్డ, జానెడు
- ఒకే ఎత్తున్న స్టీలు గ్లాసులు రెండు
- ఇత్తడి, రాగి లేదా స్టీలు పళ్ళెం. నాన్‌స్టిక్‌ది, ప్లాస్టిక్‌ది వద్దు
- శుభ్రమైన చెంచా, మూత ఉన్న చిన్న భరిణె
- పక్కన ఒక పెద్దమనిషి. అమ్మో, నాన్నో, అమ్మమ్మో, ఎవరైనా సరే. ఇది జాబితాలో చివర ఉంది గానీ, లేకపోతే మొదలుపెట్టకూడనిది ఇదే

చేసే పద్ధతి

1. గుడ్డను గుంటగలగరాకు పసరులో తడిపి నీడన ఆరబెడతారు. మూడుసార్లు ఇలా చేస్తారు. గుంటగలగరాకు అంటే ఇక్కడ భృంగరాజ్ అనే పేరుతో దొరికేదే. కొందరు పొన్నగంటాకు పసరు, కొందరు నందివర్ధనం పూల రసం వాడతారు. ఏదీ దొరక్కపోతే ఉత్త గుడ్డ చాలు.

2. ఆరిన గుడ్డను చిటికెనవేలంత లావున గట్టిగా వత్తిలా చుట్టాలి. ప్రమిదలో పెట్టి ఆముదం పోసి, వత్తి పూర్తిగా నానేదాకా ఆగాలి.

3. గ్లాసులను బోర్లించి, మధ్యలో ప్రమిద పెట్టాలి. వెలిగించే పని పెద్దవాళ్ళది. జుట్టు ముడివేసుకోండి. చున్నీ, వదులు చేతుల చొక్కా వేసుకుని దగ్గరకు రావద్దు. ఫ్యాను ఆపాలి, కిటికీ మాత్రం తెరిచే ఉంచాలి.

4. మంట నిలకడగా ఉన్నాక గ్లాసుల మీద పళ్ళెం పెట్టాలి. మంట కొస పళ్ళేనికి తగలాలి. మరీ కిందకు దించితే దీపం ఆరిపోతుంది, మరీ ఎత్తితే పొగంతా గాలిలో పోతుంది. నాకు మొదటిసారి పళ్ళెం తెల్లగానే మిగిలింది. వీడియోలో చూసి "గ్లాసులు మార్చు, కాఫీ గ్లాసులు పెట్టు" అంది అమ్మ. గ్లాసు ఎత్తులో రెండు వేళ్ళ తేడా, అంతే.

5. అరగంటలో పళ్ళెం అడుగున నల్లటి మెత్తని పొర పడుతుంది. దీపం ఆర్పి, పళ్ళెం పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోవద్దు. చల్లారిందనిపించాక ఇంకో పది నిమిషాలు ఆగండి.

6. చెంచాతో మసిని మెల్లగా గీకి భరిణెలోకి తీయాలి. ఊపిరి తగిలినా ఎగిరిపోతుంది. చిటికెడు మసికి రెండు మూడు చుక్కల ఆముదం వేసి చెంచా వెనకతో మెత్తగా నూరాలి. జారకుండా, గట్టిపడకుండా ఉండాలి.

చాలా ఇళ్ళలో ఆముదానికి బదులు ఆవునెయ్యి కలుపుతారు. ఢిల్లీలో అది కుదరదని నాకు అనుభవంలో తెలిసింది. జనవరిలో నెయ్యి గడ్డకట్టి పలుకులు పలుకులుగా అయింది. మే నెలలో కరిగి భరిణె అంచు దాటింది. ఆముదం ఈ రెండు కాలాలకూ తట్టుకుంది.

ఇంకో మాట. నవంబరులో పొగమంచు కమ్మి, గాలి బాగాలేదని బడి ఆన్‌లైన్‌లోకి మారే రోజులు మీకు తెలుసు. అలాంటి రోజుల్లో ఇంట్లో ఈ పని పెట్టుకోవద్దు. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఎప్పుడూ దగ్గర కూర్చోవద్దు.

మా పక్క క్వార్టర్‌లో ఉండే ఉత్తరప్రదేశ్ వాళ్ళు దీపావళి రాత్రి దీపం మీద పళ్ళెం బోర్లిస్తారు. తెల్లారి దాని మసితో కాజల్ చేస్తారు. వాళ్ళ ఆంటీ నా ప్రమిద చూసి, "మీ దగ్గర కూడా ఇలాగే చేస్తారా!" అని ఆశ్చర్యపోయారు. నాకూ అదే ఆశ్చర్యం.

మసి ఎక్కడి నుంచి వచ్చింది?

ఆముదం తెల్లగా, కాస్త పసుపుగా ఉంటుంది. గుడ్డ తెల్లది. మంట పసుపు. మరి నలుపు ఎక్కడిది?

నూనెలో కార్బన్, హైడ్రోజన్, కొద్దిగా ఆక్సిజన్ ఉంటాయి. వత్తి నూనెను పైకి పీల్చుకుంటుంది, వేడికి అది ఆవిరై మండుతుంది. కావలసినంత గాలి అందితే కార్బన్ అంతా కార్బన్ డయాక్సైడ్‌గా, హైడ్రోజన్ నీటి ఆవిరిగా మారిపోతాయి. లావు వత్తికి, చిక్కటి నూనెకు మంట నడిమధ్యలో గాలి చాలదు. అక్కడ కొంత కార్బన్ కాలకుండా సన్నటి రేణువులుగా మిగులుతుంది. ఆ రేణువులు వేడికి ఎర్రగా కాలి మెరవడం వల్లే దీపం పసుపుగా కనిపిస్తుంది. మంటలో వెలుగుగా ఉన్నదే, చల్లని పళ్ళేనికి తగిలి వేడి పోగానే నల్లటి మసిగా అంటుకుంటుంది. ఒక్కొక్క రేణువు మీ వెంట్రుక మందంలో వెయ్యోవంతు కంటే చిన్నది. అందుకే వేళ్ళ మధ్య నలిపితే పట్టులా జారుతుంది.

1860-61 క్రిస్మస్ సెలవుల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైఖేల్ ఫారడే పిల్లల కోసం ఒక్క కొవ్వొత్తి మీదే ఆరు ఉపన్యాసాలు ఇచ్చారు. కొవ్వొత్తి వెలుగుకు కారణం ఈ మసి రేణువులేనని అందులో చేసి చూపించారు. మా అమ్మమ్మకు ఫారడే పేరు తెలియదు. కానీ మంట కొస పళ్ళేనికి ఎంతవరకు తగలాలో ఆమె చేతికి తెలుసు.

మరి ఆకు పసరు? అమ్మను అడిగితే "చలవ" అంది. నేను మా బడి సైన్సు టీచర్ని అడిగాను. ఆవిడ ఎదురు ప్రశ్న వేశారు: "వత్తి కాలుతుంటే పసరు మాత్రం కాలకుండా ఉంటుందా?" నిజమే. పళ్ళేనికి చేరేది ప్రధానంగా మసే. పసరు పెట్టడం మా ఇంటి అలవాటు కాబట్టి నేను పెడుతున్నాను. దానివల్ల కాటుక మందు అవుతుందని మాత్రం మీకు చెప్పను.

నా తప్పు

మా పాప పుట్టినప్పుడు నేను నాగపూర్‌లో ఉన్నాను. ఇరవై ఒకటో రోజు నుంచి అమ్మ పంపిన కాటుకను వేలితో పాప కళ్ళకు పెట్టేదాన్ని. కళ్ళు పెద్దవవుతాయని అందరూ అనేవారు. మూడో నెలలో ఒకరోజు పొద్దున్నే పాప కుడికన్ను తెరుచుకోలేదు. రెప్పలు పుసికట్టి అంటుకుపోయాయి. డాక్టరు చూసి మొదట అడిగిన ప్రశ్న, "కాజల్ పెడుతున్నారా?"

అవునన్నాను. ఆవిడ కోప్పడలేదు. నా చేతి గోరు చూపించి, "ఇది ఎంత శుభ్రంగా ఉన్నా పాప కంటికి సరిపోదు" అన్నారు. కన్నీటి దారి పసిపిల్లల్లో సన్నగా ఉంటుందని, జిడ్డు, మసి, వేలి మురికి కలిసి కంటికి ఇన్‌ఫెక్షన్ తెస్తాయని వివరించారు. కాటుక పెట్టినందువల్ల కళ్ళు పెద్దవి కావని కూడా చెప్పారు. చుక్కల మందుతో వారంలో తగ్గింది.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు అటు నుంచి మాట లేదు. "మీ అందరికీ పెట్టాను కదే, ఏమైంది?" అంది చివరకు. ఆ మాటలో కోపం కంటే బాధే ఎక్కువ. తను ప్రేమతో చేసి పంపినదే మనవరాలికి నొప్పి తెచ్చిందంటే ఎవరికి మాత్రం బాధ ఉండదు? నేను ఇంకేమీ అనలేకపోయాను. మర్నాడు తనే ఫోన్ చేసింది. "కంటికి వద్దులే. అరికాలికి చుక్క పెట్టు. దిష్టికి అదే చాలు. మా అమ్మ కూడా పురిటి గదిలో ముందు అరికాలికే పెట్టేది" అంది.

డాక్టరు మాటకు మా ఇంటి పద్ధతిలోనే జవాబు ఉంది. వెతికింది అమ్మే.

ఎక్కడ పెట్టాలి?

పసిపిల్లల కంట్లో కాటుక పెట్టవద్దని కంటి డాక్టర్లు చెబుతారు. మీ ఇంట్లో చెల్లో తమ్ముడో పుడితే ఈ మాట మీరే చెప్పండి, కానీ అమ్మమ్మ మనసు నొచ్చుకోకుండా చెప్పండి. అరికాలు ఉంది, చెవి వెనక ఉంది. బుగ్గచుక్క పెట్టినా కంటికి, నోటికి దూరంగా పెట్టి, రాత్రి తుడిచేయాలి.

మీరు పెద్దపిల్లలే అయినా, ఇంట్లో చేసిన ఈ కాటుకను కంటి లోపలి అంచున పెట్టవద్దు. దీపపు మసిలో కార్బన్ ఒక్కటే ఉండదు, సగం కాలిన ఇతర పదార్థాలు కూడా కొద్దికొద్దిగా ఉంటాయి. దాన్ని ఏ ప్రయోగశాలా పరీక్షించలేదు. బొట్టుకు, దిష్టిచుక్కకు వాడుకోండి. వార్షికోత్సవంలో కూచిపూడి వేషానికి కళ్ళు దిద్దాలంటే రెప్పకు బయట, ఎవరి పుల్ల వాళ్ళు వాడుకుని, దిద్దించుకోండి. వెస్టిండీస్ క్రికెటర్ శివ్‌నారాయణ్ చందర్‌పాల్‌ను వీడియోల్లో చూసే ఉంటారు. ఎండ మెరుపు తగ్గడానికి ఆయన పెట్టుకున్న నల్ల పట్టీలు కంటి కింద ఉండేవి, కంట్లో కాదు.

ఎవరి పుల్ల వాళ్ళదే అన్నానే, దాని వెనక పెద్ద కథ ఉంది. ట్రకోమా అనే కంటి జబ్బు ఒకప్పుడు మన దేశంలో, ముఖ్యంగా ఉత్తరాది ఊళ్ళలో ఎంతోమంది చూపు తీసింది. హిందీలో దీన్ని రోహే అంటారు. బ్యాక్టీరియా వల్ల వస్తుంది. వేళ్ళు, తువ్వాళ్ళు, ఈగల ద్వారా ఒకరి కంటి నుంచి ఇంకొకరి కంటికి పాకుతుంది. అమ్మ ఒకే వేలితో వరసగా పిల్లలందరికీ కాటుక పెట్టినా ఆ దారి తెరుచుకున్నట్టే. ప్రభుత్వం 1963లో ట్రకోమా నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. అరవై ఏళ్ళ పైన పట్టింది. మన దేశంలో ట్రకోమా ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. మందులతో పాటు ముఖం కడుక్కోవడం, ఎవరి తువ్వాలు వాళ్ళు వాడుకోవడం లాంటి చిన్న అలవాట్లు కూడా ఈ గెలుపులో ఉన్నాయి.

కంటికి కాకపోతే, ఇంకెందుకు?

కంట్లో పెట్టకూడనప్పుడు చేయడం నేర్చుకోవడం ఎందుకని మీరు అడగవచ్చు. తెలుగు టీచరుగా దానికి నా దగ్గర ఒక జవాబుంది.

కాగితం రాకముందు మన పెద్దలు తాటాకుల మీద రాసేవారు. రాసే సాధనం గంటం, అంటే ఇనుప ములుకు. గంటంతో రాస్తే ఆకు మీద గీత పడుతుంది గానీ రంగు ఉండదు. అక్షరం కళ్ళకు ఆనదు. అందుకని దీపపు మసిని నూనెతోనో ఆకు పసరుతోనో కలిపి ఆకు మీద పులిమి, తుడిచేవారు. పైనున్న మసి పోయేది, గీతల్లోకి దిగినది నిలిచేది. అప్పుడు అక్షరాలు నల్లగా తేలేవి. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో ఇప్పటికీ ఉన్న తెలుగు తాటాకు గ్రంథాలు అలా రాసుకున్నవే. భరిణెలో ఉన్నదీ అదే మసి.

కాబట్టి చేసిన కాటుకను ఇలా వాడి చూడండి. ఒక ఎండిన కొబ్బరాకునో, మందపాటి అట్టముక్కనో తీసుకోండి. సిరా లేని బాల్‌పెన్నుతో మీ పేరు తెలుగులో నొక్కి రాయండి. దాని మీద కాటుక పులిమి, మెత్తటి గుడ్డతో తుడవండి. అట్ట కాస్త నల్లబడుతుంది, ఆకైతే బాగా వస్తుంది. పిల్లలందరూ సరళరేఖలతో ఉన్న అక్షరాలు సులువనుకుంటారు. ఆకు మీద రాస్తే తెలుస్తుంది, అడ్డగీత ఆకు ఈనెలను చీలుస్తుందని, మన అక్షరాల గుండ్రదనం ఆకుకు ఎంత హాయో.

మా పాపకు ఇప్పుడు ఎనిమిదేళ్ళు. మొన్న దీపావళికి మేమిద్దరం కలిసి కాటుక చేశాం. అమ్మ వీడియోలో ఉంది. మసి గీకేటప్పుడు పాప తుమ్మింది. సగం మసి ఎగిరి ముగ్గురం నవ్వుకున్నాం. మిగిలిన సగంతో భరిణె నింపి, దాని మీద చీటీ అంటించాను: చేసిన తేదీ, "కంటికి కాదు" అని. రెండో చీటీ పాప రాసింది: "అమ్మమ్మ కాటుక".

ఈసారి సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు మీ ఇంట్లో కాటుక ఎలా చేసేవారో అమ్మమ్మనో, నానమ్మనో అడగండి. ఏ నూనె, ఏ ఆకు, ఏ పళ్ళెం అని రాసుకోండి. వాళ్ళు చెప్పినదాంట్లో ఏది ఉంచుకోవాలో, ఏది వదిలేయాలో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. రాసింది నాకు తెచ్చివ్వండి, తెలుగు క్లాసు గోడపత్రిక మీద పెడదాం. బదిలీలో పెట్టెలు పోయినా, రాసుకున్నది పోదు.

— మీ తెలుగు టీచర్